గ్రాడ్యుయేట్ అని ఎప్పుడు రాయాలి, ఎలా వాడాలి?

"అన్నా, నాది బీటెక్ ఫైనలియర్. క్వాలిఫికేషన్ దగ్గర గ్రాడ్యుయేట్ నొక్కనా, అండర్ గ్రాడ్యుయేట్ నొక్కనా?" నోటిఫికేషన్ పడిన ప్రతిసారీ మా ఆన్‌లైన్ సెంటర్‌లో మొదట వినపడే ప్రశ్న ఇదే. ఆ అబ్బాయి వెనక నిలబడ్డ పెద్దాయనది ఇంకో అనుమానం: "మా అమ్మాయి బీఈడీ చేసిందండీ, అంటే పీజీ కిందికే వస్తుంది కదా?" అమెరికా వెళ్లాలనుకునే పిల్లలది మరో గొడవ. రోజూ నలుగురికి నోటితో చెప్పడం కంటే ఒకసారి రాసిపెడితే మేలనిపించింది.

చరిత్ర పాఠం రెండు వాక్యాల్లో ముగిస్తాను. లాటిన్‌లో 'గ్రాదుస్' అంటే మెట్టు. చదువులో ఒక మెట్టు ఎక్కి, ఎక్కినట్టు కాగితం చేతికి వచ్చినవాడు గ్రాడ్యుయేట్. మన భాషలో పట్టభద్రుడు, పట్టభద్రురాలు. ఏ మెట్టు ఎక్కితే గ్రాడ్యుయేట్ అంటారన్నది దేశాన్ని బట్టి మారుతుంది, చిక్కంతా అక్కడే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- చివరి సెమిస్టర్ మార్కుల మెమో, కన్సాలిడేటెడ్ మెమో (సీఎంఎం) వచ్చి ఉంటే అదీ
- ప్రొవిజనల్ సర్టిఫికెట్ (పీసీ), లేదా ఒరిజినల్ డిగ్రీ (ఓడీ)
- సప్లీ రాసి పాసైన సబ్జెక్టులుంటే వాటి మెమోలు, ఒక్కటి కూడా వదలకుండా
- మీరు నింపుతున్న ఫారానికి సంబంధించిన నోటిఫికేషన్ పూర్తి పీడీఎఫ్. వాట్సాప్‌లో తిరిగే ఒక్క పేజీ బొమ్మ పనికిరాదు, అర్హత తేదీ అందులో ఉండదు.

1. మీది డిగ్రీయేనా చూసుకోండి

నవ్వకండి. మన మాటల్లో 'డిగ్రీ' అంటే బీఏ, బీకాం, బీఎస్సీ మాత్రమే. "డిగ్రీ చేశావా?" అని అడిగితే "లేదండీ, బీటెక్" అంటాం. ఈ అలవాటు ఫారం దగ్గర దెబ్బ కొడుతుంది. ఫారంలో 'డిగ్రీ' అని ఉంటే బీటెక్, బీఫార్మసీ, బీబీఏ, ఎంబీబీఎస్, అయిదేళ్ల ఎల్ఎల్‌బీ అన్నీ అందులోకే వస్తాయి. ఇవి పాసైన వాళ్లంతా గ్రాడ్యుయేట్లే.

అనుమానం వచ్చేవి కొన్ని ఉన్నాయి. ఒక్కోటీ చూద్దాం.

పాలిటెక్నిక్ డిప్లొమా: గ్రాడ్యుయేట్ కాదు. మూడేళ్లు చదివారు, పుస్తకాలు లావుగానే ఉన్నాయి, ఒప్పుకుంటాను. అయినా కాదు. ఈసెట్ (డిప్లొమా వాళ్లు రాసే ప్రవేశ పరీక్ష) రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరి అది పూర్తి చేస్తేనే అవుతారు.

బీఈడీ: డిగ్రీ అయ్యాక చేస్తాం కాబట్టి పీజీ అనుకుంటారు. పేరులోనే ఉంది చూడండి, 'బ్యాచిలర్ ఆఫ్ ఎడ్యుకేషన్'. డిగ్రీ తర్వాత చేసిన ఇంకో బ్యాచిలర్ డిగ్రీ అది. మూడేళ్ల ఎల్ఎల్‌బీ కూడా అంతే. ఈ రెంటికీ 'గ్రాడ్యుయేట్' నొక్కి, పక్కన ప్రొఫెషనల్ క్వాలిఫికేషన్ గడి ఉంటే అక్కడ బీఈడీ రాయండి. ఎంఈడీ, ఎల్ఎల్ఎం అయితే పీజీ.

పీజీడీసీఏ: పేరు ముందు పీజీ ఉంది కదాని పోస్ట్ గ్రాడ్యుయేట్ నొక్కేస్తారు. అది డిగ్రీ తర్వాత కంప్యూటర్ అప్లికేషన్స్‌లో చేసే డిప్లొమా, ఎంసీఏతో సమానం కాదు. ఫారంలో 'పీజీ డిప్లొమా' అని వేరే గడి ఉంటే అది నొక్కండి, లేకపోతే గ్రాడ్యుయేట్ దగ్గరే ఆగండి.

సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ): ఇది యూనివర్సిటీ డిగ్రీ కాదు, ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే అర్హత. లెక్చరర్ ఉద్యోగాల అర్హతకు పెట్టే నెట్ పరీక్ష రాయడానికి సీఏని పీజీతో సమానంగా యూజీసీ 2021లో గుర్తించింది. మిగతా చోట్ల నోటిఫికేషన్‌లో సీఏ అన్న మాట విడిగా ఉందో లేదో వెతకండి.

ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ: అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ నుంచి బీఏ చేసినవాళ్లు తలొంచుకుని "అన్నా, నాది ఓపెన్" అని మెల్లగా చెబుతుంటారు. ఎందుకంత మొహమాటం? మీరు గ్రాడ్యుయేటే. కాకపోతే ఇంటర్ లేకుండా నేరుగా డిగ్రీలో చేరిన పాత బ్యాచ్‌ల వాళ్లు ఒక్కటి గమనించాలి. కొన్ని నోటిఫికేషన్లు 10+2+3 (పదో తరగతి, రెండేళ్ల ఇంటర్, మూడేళ్ల డిగ్రీ) పద్ధతిలోనే చదివి ఉండాలంటాయి. ఆ అంకెలు కనబడితే ఫీజు కట్టే ముందే ఆగి చదువుకోండి.

2. తేదీ తేల్చుకోండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. క్లాసులు అయిపోయిన రోజు, ఫేర్‌వెల్ పార్టీ రోజు, ఆఖరి పరీక్ష రాసిన రోజు మీరు గ్రాడ్యుయేట్ అయిపోరు. అన్ని సబ్జెక్టులూ పాసైనట్టు ఫలితం వచ్చాకే అవుతారు.

మాకు తెలిసిన ఒక కుర్రాడిది 2014-18 బ్యాచ్. మూడో ఏడాది సబ్జెక్టు ఒకటి ఉండిపోయి, 2019 నవంబర్‌లో రాసిన సప్లీలో గట్టెక్కాడు. రెజ్యూమెలో మాత్రం "గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2018" అని పెట్టుకున్నాడు. ఇంటర్వ్యూలో నెగ్గాడు, ఆఫర్ వచ్చింది. జాయినయ్యే ముందు చేసే వెరిఫికేషన్‌లో పీసీ మీద 'నవంబర్ 2019' కనబడింది. వాడు అబద్ధమాడాలని రాసింది కాదు, బ్యాచ్ సంవత్సరాన్నే పాసైన సంవత్సరం అనుకున్నాడు. కంపెనీకి అదంతా ఎందుకు? రాసిందొకటి, కాగితంలో ఉన్నదొకటి అన్నారు, ఆఫర్ వెనక్కి తీసుకున్నారు.

అందుకే ఇలా చేయండి:

- సంవత్సరం మాత్రమే అడిగితే పీసీ మీద ఉన్న నెల, సంవత్సరం చూసి రాయండి. బ్యాచ్ చివరి ఏడాది రాయొద్దు.
- రోజుతో సహా తేదీ అడిగితే నోటిఫికేషన్‌లో 'డేట్ ఆఫ్ పాసింగ్' అంటే ఏమిటో చెప్పిన పేరా వెతకండి. బ్యాంకు పరీక్షలకు, వాటిని పెట్టే ఐబీపీఎస్ సంస్థ అయితే మెమో మీద గానీ ప్రొవిజనల్ మీద గానీ ఉన్న తేదీనే తీసుకుంటుంది. ఫలితం వెబ్‌సైట్‌లో పెట్టిన తేదీని లెక్కలోకి తీసుకోవాలంటే యూనివర్సిటీ నుంచి ఆ మేరకు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.
- కాన్వొకేషన్ తేదీ రాయొద్దు. స్నాతకోత్సవం ఒక్కోసారి ఏళ్ల తరబడి జరగదు. అంతవరకు మీరు గ్రాడ్యుయేట్ కాకుండా పోరు, పీసీ చాలు.

ఫైనలియర్ వాళ్లకు: ఫలితం రాలేదు కాబట్టి మీరు ఇంకా గ్రాడ్యుయేట్ కాదు. ఫారంలో 'పర్స్యూయింగ్' గానీ 'అప్పియరింగ్' గానీ ఉంటే అది నొక్కండి. రెండూ లేకపోతే మీకు ఆ పరీక్షకు అర్హత ఉందో లేదో ముందు చూడండి. సివిల్స్ ప్రిలిమ్స్‌కు ఫైనలియర్ వాళ్లు దరఖాస్తు చేయొచ్చు, మెయిన్స్ దరఖాస్తు నాటికి పాసైన రుజువు చూపించాలి. ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ (గ్రాడ్యుయేట్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఇన్ ఇంజినీరింగ్) పేరులోనే 'గ్రాడ్యుయేట్' అని ఉంది, అయినా బీటెక్ మూడో ఏడాది వాళ్లూ రాయొచ్చు. కేంద్ర ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పెట్టే సీజీఎల్ (కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్) పరీక్షలో కూడా అదే మాట ఉంది. అక్కడ మాత్రం నోటిఫికేషన్‌లో చెప్పిన కటాఫ్ తేదీ నాటికి డిగ్రీ అయిపోయి ఉండాలి. కాబట్టి పరీక్ష పేరు చూసి ఏదీ తేల్చుకోకండి.

3. ఫారం ఏ దేశానిదో చూడండి

మన దేశంలో, బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ అంటే బ్యాచిలర్ డిగ్రీ పాసైనవాళ్లు. అమెరికాలో హైస్కూలు పూర్తి చేసినవాడు కూడా 'హైస్కూల్ గ్రాడ్యుయేట్'. వాళ్ల హైస్కూలు పన్నెండో తరగతి దాకా కాబట్టి మన ఇంటర్ దానికి సరిపోతుంది. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు అక్కడేదో ఫారంలో ఆ మాట చూసి "మాది ఇంటరే కదా, గ్రాడ్యుయేట్ అని ఎలా పెడతాం?" అని ఫోన్ చేస్తుంటారు. పెట్టొచ్చు. 'హైస్కూల్' అన్న ముక్క ముందు ఉందో లేదో చూసి పెట్టండి.

అదే ఫారంలో 'డిప్లొమా' అని కనబడితే పాలిటెక్నిక్ గుర్తు తెచ్చుకోకండి. అక్కడ డిప్లొమా అంటే చదువు పూర్తయినట్టు ఇచ్చే పట్టా కాగితమే. 'హైస్కూల్ డిప్లొమా' అంటే మన ఇంటర్ పాస్ సర్టిఫికెట్ లాంటిది.

ఇక ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు. అమెరికా యూనివర్సిటీ సైటులో 'అండర్‌గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్', 'గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్' అని రెండు లింకులుంటాయి. "నాకు బీటెక్ అయింది, పోస్ట్ గ్రాడ్యుయేషన్ లింకు ఎక్కడా లేదేంటి?" అని వెతుకుతూ కూర్చుంటారు. మనం పీజీ అనేదాన్ని వాళ్లు గ్రాడ్యుయేట్ అంటారు. ఎంఎస్, పీహెచ్‌డీ రెండూ 'గ్రాడ్యుయేట్ స్కూల్' కిందివే. ఎంఎస్ అడ్మిషన్లకు రాసే జీఆర్ఈ పరీక్షలో 'జీ' కూడా ఆ గ్రాడ్యుయేటే. బ్రిటన్ యూనివర్సిటీలకు పెట్టేటప్పుడు మాత్రం 'పోస్ట్‌గ్రాడ్యుయేట్' లింకు తెరవాలి. తప్పు లింకులో ఫీజు కడితే సాధారణంగా తిరిగి రాదు, కార్డు నంబరు కొట్టే ముందు పేజీ పైన ఏముందో ఇంకోసారి చదవండి.

4. అండర్‌గ్రాడ్యుయేట్ అంటే ఎవరు?

బ్యాచిలర్ డిగ్రీ చదువుతూ ఉన్నవాళ్లు. మన దగ్గర ఇది తలకిందులైంది. ఇంటర్‌తో ఆపేసినవాళ్లు "గ్రాడ్యుయేషన్ కంటే కింద ఉన్నాం కాబట్టి అండర్ గ్రాడ్యుయేట్" అని లెక్క వేసుకుంటారు. పెళ్లిసంబంధాల బయోడేటాల్లో ఇది మరీ ఎక్కువ. కాల్ సెంటర్ ప్రకటనల్లో "అండర్ గ్రాడ్యుయేట్స్ కూడా అప్లై చేయొచ్చు" అని ఉంటే వాళ్ల ఉద్దేశం కూడా డిగ్రీ లేనివాళ్లు అనే. కాబట్టి ప్రకటన అర్థం చేసుకునేటప్పుడు మన వాడుక గుర్తు పెట్టుకోండి, మీరు రాసేటప్పుడు మాత్రం అసలు అర్థంలోనే రాయండి. ఇంటర్‌తో ఆగితే 'ఇంటర్మీడియట్' అని రాస్తే సరిపోతుంది. డిగ్రీ మధ్యలో వదిలేసి ఉంటే 'డిస్‌కంటిన్యూడ్' అని ఉన్నదున్నట్టు రాయండి.

ఎంఎస్ పిల్లలకు వీసా ఇంటర్వ్యూ ప్రాక్టీసు చేయిస్తూ ఒకమ్మాయిని అడిగాను, "వేర్ డిడ్ యూ డూ యువర్ అండర్‌గ్రాడ్?" అని. టకామని ఇంటర్ కాలేజీ పేరు చెప్పింది. బీటెక్ కాలేజీ చెప్పాలమ్మా అంటే, "బీటెక్ గ్రాడ్యుయేషన్ కదన్నా?" అంది. పాపం ఆమె తప్పేం లేదు, ఇక్కడ అందరం అలాగే అంటాం. అమెరికన్ నోట 'అండర్‌గ్రాడ్' అంటే మీ బీటెక్ చదువు, మీ డిగ్రీ చదువు. పూర్తయినా సరే, ఆ చదువు పేరు అదే.

ఇంకో సంగతి. అమీర్‌పేటలో 'పీజీ' అంటే భోజనంతో కలిపి అద్దె గది. బయటి దేశం వాడితో "ఐ యామ్ ఇన్ పీజీ" అంటే రెండర్థాల్లో ఏదీ అర్థం కాదు. 'మాస్టర్స్' అనండి, ఎక్కడైనా నడుస్తుంది.

5. వాక్యం కుదరాలి

రెజ్యూమెల్లో పదేపదే కనబడే తప్పులు, వాటి పక్కన సరైనవి:

- "ఐ యామ్ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2020" తప్పు. "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2020" అనాలి.
- "ఐ గ్రాడ్యుయేటెడ్ ఉస్మానియా యూనివర్సిటీ" అని రాయకండి, మధ్యలో 'ఫ్రమ్' కావాలి. అమెరికన్లు మాటల్లో 'ఫ్రమ్' మింగేస్తారు, రాతలో మనకెందుకు ఆ రిస్కు?
- సబ్జెక్టు చెప్పాలంటే 'ఇన్': "ఐ యామ్ ఎ గ్రాడ్యుయేట్ ఇన్ కామర్స్". కాలేజీకి 'ఆఫ్' గానీ 'ఫ్రమ్' గానీ.
- "ఐ డిడ్ మై గ్రాడ్యుయేషన్" అంటే మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, ఇక్కడి కంపెనీకి రాస్తే ఫర్వాలేదు. బయటి వాళ్లకు గ్రాడ్యుయేషన్ అంటే పట్టా పుచ్చుకోవడం, ఆ రోజు జరిగే వేడుక. 'చేయడం' వింతగా ఉంటుంది.
- చదువుతూ ఉంటే "ఎక్స్‌పెక్టెడ్ టు గ్రాడ్యుయేట్ ఇన్ మే" అని నెల, సంవత్సరం వేయండి.

ఇక మన ముద్దుల మాట 'పాసవుట్'. "ఐ యామ్ 2021 పాసవుట్" అని రాయని రెజ్యూమె మా సెంటర్‌కు ఇంతవరకు రాలేదు. బయటి దేశాల్లో 'పాస్డ్ అవుట్' అంటే స్పృహ తప్పి పడిపోయాడని అర్థం. సైన్యం, పోలీసు శిక్షణలో మాత్రం అది సరైన మాటే. శివరాంపల్లి పోలీసు అకాడమీలో జరిగేది 'పాసింగ్ అవుట్ పరేడ్'. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో దాన్నే 'గ్రాడ్యుయేషన్ పరేడ్' అంటారు. మీ రెజ్యూమెలో 'పాసవుట్' కొట్టేసి 'గ్రాడ్యుయేటెడ్' పెట్టండి, లేదా "బీటెక్, 2021" అని వదిలేయండి. రెండోది ఇంకా శుభ్రంగా ఉంటుంది.

పలకడంలో చిన్న కిటుకు. మనిషిని చెప్పేటప్పుడు చివర తేలిపోతుంది, 'గ్రాడ్యుఅట్' లాగా. పని చెప్పేటప్పుడు 'గ్రాడ్యుఎయిట్' అని ఒత్తి పలకాలి. 'ఎస్టిమేట్' కూడా ఇలాగే రెండు రకాలు. తెలుగు మాటల మధ్యలో వాడితే ఎవరూ పట్టించుకోరు, ఇంగ్లిష్ ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు నాలుగుసార్లు పైకి అనుకోండి.

6. పట్టభద్రుల ఓటుకు

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలప్పుడు ఓటు నమోదు కోసం క్యూ కడతారు. ఇక్కడ గ్రాడ్యుయేట్ అయితే చాలదు, అయి మూడేళ్లు కావాలి. ఎన్నికల ముందు వచ్చే నవంబర్ 1వ తేదీ నాటికి ఆ మూడేళ్లు నిండాలి. ఫారం 18 నింపి డిగ్రీ గానీ పీసీ గానీ జత చేయాలి. మూడేళ్ల లెక్క ఫలితం ప్రకటించిన తేదీ నుంచి, చేరిన ఏడాది నుంచి కాదు. "పోయినసారి ఓటేశానుగా, మళ్లీ ఎందుకు?" అంటారు చాలామంది. ఈ జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు, పాత పేరు దానంతటది రాదు.

తెలుగులో ఏమనాలి?

అర్జీలో, వ్యాసంలో 'పట్టభద్రుడు' బాగానే ఉంటుంది. మాట్లాడేటప్పుడు 'డిగ్రీ అయిపోయింది' అంటాం, అదే సహజం. పీజీని పుస్తకాల్లో స్నాతకోత్తర విద్య అంటారు. పెళ్లిలో కాశీయాత్రకు ముందు 'స్నాతకం' చేస్తారు చూడండి, ఆ మాటే ఇది. గురువు దగ్గర చదువు ముగించి స్నానం చేసినవాడు స్నాతకుడు. ఇప్పుడు యూకేజీ పిల్లలకు కూడా నల్లగౌను, టోపీ పెట్టి 'గ్రాడ్యుయేషన్ డే' చేస్తున్నారు. మా పక్కింటి బుడ్డోడు ఆ టోపీ తీయకుండానే అన్నం తిన్నాడు. ఫొటో బాగుంది, ఆ సర్టిఫికెట్ మాత్రం ఏ ఫారానికీ జత చేయకండి.

సబ్మిట్ నొక్కే ముందు

ప్రివ్యూ పేజీ తెరిచి, పీసీ పక్కన పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో గడీ సరిచూడండి. కోర్సు పేరు పీసీలో ఎలా ఉందో అలాగే ఉందా? నెల, సంవత్సరం కలిశాయా? సప్లీ ఉన్నవాళ్లు ఆఖరి మెమోలో తేదీతో ఇంకోసారి పోల్చండి. అండర్, పోస్ట్ అన్న ముక్కలు పొరపాటున పడ్డాయేమో చూడండి. డ్రాప్‌డౌన్ జాబితాలో పైనా కిందా ఉండటం వల్ల మొబైల్‌లో వేలు జారి పక్కది పడుతుంది.

రెజ్యూమెకు వేరే పరీక్ష ఉంది. మీ చదువు వివరాలు ఏమాత్రం తెలియని ఒకరికి చూపించి "నేను చదువుతున్నానా, అయిపోయిందా? ఎప్పుడు అయింది?" అని అడగండి. వెంటనే చెప్పలేకపోతే ఆ వాక్యం మార్చాలి. మీ రూమ్మేట్‌ను అడగొద్దు, వాడికి మీ సప్లీల సంగతి కూడా తెలుసు.

తప్పు ఇప్పటికే పడి ఉంటే నోటిఫికేషన్‌లో ఎడిట్ ఆప్షన్ ఎప్పటి నుంచి ఎప్పటి వరకో చూడండి. ఆ రెండు మూడు రోజుల్లోనే సరిచేసుకోవాలి, అది దాటితే హెల్ప్‌డెస్క్‌కు పీసీ కాపీ జత చేసి మెయిల్ పెట్టండి. పంపిన మెయిల్‌ను ప్రింట్ తీసి సర్టిఫికెట్ల ఫైల్లోనే పెట్టుకోండి, వెరిఫికేషన్ రోజు అడిగితే చూపించడానికి.